రాడ్డు ఏ చేతి వైపు?

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో నలుగురు తెలుగువాళ్లం కూర్చుంటే మాట్లాడుకోడానికి బోలెడు ఉంటుంది, నన్ను మాత్రం బాత్రూమ్ గురించి మాట్లాడమన్నారు. నవ్వకండి. మా అత్తగారికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాక, బరంపురం నుంచి ఇంటికి తెచ్చిన రోజు నన్ను పట్టుకున్న టెన్షన్ అంతా దొడ్లో ఉన్న ఆ బాత్రూమ్ గురించే. రెండు మెట్లు దిగాలి, గడప దాటాలి, లోపల కింద కూర్చునే లెట్రిన్.

సరే, మేస్త్రిని పిలిచాం. కమోడ్ పెట్టించాం, పక్క గోడకి స్టీలు రాడ్డు వేయించాం, డబ్బు లెక్క చూసుకోలేదు. తీరా ఆవిణ్ణి కూర్చోబెడితే రాడ్డు ఎడమ వైపు ఉంది! పనిచేసే కుడి చేతి వైపు గోడే లేదు, ఖాళీ. ఎంత తెలివితక్కువ పనో చూడండి, ఇంట్లో ఆరుగురం ఉన్నాం, కన్నం వేసే ముందు ఆవిణ్ణి ఒక్కసారి అక్కడ కుర్చీలో కూర్చోబెట్టి "చెయ్యి ఎక్కడికి అందుతుందమ్మా?" అని అడిగినవాళ్లం ఒక్కళ్లం లేం. తర్వాత కుడి వైపు నేలలో పైపు కాలు పాతి, దాని మీద రాడ్డు నిలబెట్టించాం. ఇంకో తిరకాసు ఉంది, లోపలికి వెళ్లేటప్పుడు కుడి వైపు ఉన్న రాడ్డు బయటికి వచ్చేటప్పుడు ఎడమ వైపు అయిపోతుంది, అందుకే గుమ్మం దగ్గర రెండు పక్కలా వేయించాలి.

టవల్ రాడ్డు పట్టుకుని లేవొచ్చనుకునేవాళ్లకి దణ్ణం, అది మనిషి బరువుకి చేసింది కాదు, ప్లాస్టరింగుతో సహా ఊడి వస్తుంది. పట్టుకునే రాడ్డు లావు అంగుళంన్నర లోపు ఉండాలి, గోడకీ దానికీ మధ్య సందు రెండు అంగుళాలు దాటకూడదు, దాటితే చెయ్యి జారి సందులో ఇరుక్కుంటుంది. మన పాత మట్టి గోడలకి మామూలు స్క్రూలు పట్టవు. అవతలి వైపు ఇనప రేకు పెట్టి బోల్టు ఆరపార బిగించమనండి, బిగించాక ఇంట్లో బరువైన మనిషిని వేలాడమనండి. మా ఇంట్లో ఆ ఉద్యోగం మా ఆయనది, 84 కిలోలు.

కమోడ్ సీటు నేల నుంచి 18 అంగుళాల ఎత్తు ఉంటే లేవడం తేలిక. మామూలువి అంతకంటే పొట్టివే, పైన ఎత్తు సీటు బిగించుకోవచ్చు. చక్రాల కుర్చీ ఉంటే గుమ్మం 36 అంగుళాలు కావాలి, లోపల తిరగడానికి అయిదడుగుల జాగా కావాలి. స్వచ్ఛ భారత్ కింద 12,000 రూపాయలు తీసుకుని కట్టుకున్న లెట్రిన్లలో చాలావరకు అంత చోటే ఉండదు, అలాంటి చోట మంచం పక్కన కమోడ్ కుర్చీ వేయడమే మంచిది, మొహమాటపడకండి. మెట్లకి బదులు వాలు కట్టిస్తే అంగుళం ఎత్తుకి అడుగు పొడవు లెక్క, ఆరంగుళాల మెట్టుకి ఆరడుగులు. అంతకంటే నిటారుగా కడితే తోసేవాడి నడుం విరుగుతుంది.

తలుపు సంగతి. మాది లోపలికి తెరుచుకునేది. ఒకరోజు ఆవిడ గడియ పెట్టుకుని లోపల తలుపుకే ఆనుకుని జారిపడ్డారు, గడియ తీయలేరు, మేం తోస్తే ఆవిడకే తగులుతుంది. చివరికి వెంటిలేటర్ అద్దాలు పీకి మా చిన్నవాణ్ణి లోపలికి దించాం. మర్నాడే తలుపు బయటికి తెరుచుకునేలా తిప్పించి గడియ తీయించేశాను. అయితే గడియ లేకుండా స్నానం చెయ్యనని ఆవిడ రెండు రోజులు మొండికేశారు, తప్పు పట్టలేం కదా. బయట తెర కట్టి, లోపల చేతికి అందేలా కాలింగ్ బెల్ పెట్టాక ఒప్పుకున్నారు.

వేణ్ణీళ్లు జాగ్రత్త. పడిపోయిన వైపు స్పర్శ లేకపోతే కాలినా తెలీదు, మా అత్తగారి ఎడమ పాదం బొబ్బలెక్కింది నా చేతుల మీదుగానే. ఇప్పుడు ముందు చల్లనీళ్లు పట్టి, తర్వాత వేడివి కలిపి, నా చెయ్యి పెట్టి చూశాకే చెంబు ఇస్తాను. బకెట్టు కూడా స్టూలు మీదకి ఎక్కించాం, వంగి ముంచుకోవడం ఆవిడ వల్ల కాదు.

మా మేస్త్రి గారు వచ్చారు, వెనక వరసలో కూర్చున్నారు. రేట్లు నన్ను కాదు, ఆయన్ని అడగండి.