ప్రసంగపీఠం నుంచి పార్టీ ప్రచారం: చర్చి ఎక్కడ ఆగాలి?

[తెరపై: దినపత్రికలో పూర్తి పేజీ ప్రకటన. కెమెరా పై నుంచి నెమ్మదిగా దిగి, అడుగున ఉన్న చిన్న అక్షరాల దగ్గర ఆగుతుంది.]

వ్యాఖ్యాత: 1992 అక్టోబర్ 30న, అమెరికా అధ్యక్ష ఎన్నికలకు నాలుగు రోజుల ముందు, న్యూయార్క్ రాష్ట్రంలోని పియర్స్ క్రీక్ చర్చి రెండు దినపత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు వేయించి, బిల్ క్లింటన్‌కు ఓటు వేయవద్దని క్రైస్తవులను హెచ్చరించింది. ప్రకటన ఖర్చులకు విరాళాలు స్వీకరిస్తామనీ, వాటికి పన్ను మినహాయింపు ఉంటుందనీ అడుగున రాసి, పంపవలసిన చిరునామా కూడా ఇచ్చింది. దేవుని పనికని ప్రభుత్వం వదులుకున్న పన్ను ఒక అభ్యర్థిని ఓడించే ప్రచారానికి చేరుతోందని ఇంత సూటిగా ఒప్పుకున్న ప్రకటన మరొకటి ఉంటుందనుకోను.

అప్పటి సెనేటర్ లిండన్ జాన్సన్ చొరవతో 1954లో వచ్చిన సవరణ ప్రకారం, పన్ను మినహాయింపు పొందే సంస్థలు, చర్చిలతో సహా, ఏ అభ్యర్థికీ అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ ప్రచారం చేయకూడదు. అందువల్ల 1995లో పన్నుల శాఖ ఆ చర్చికి మినహాయింపు రద్దు చేయగా, 2000లో అప్పీలు కోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది. అయితే 2025 జూలైలో అదే శాఖ కోర్టుకు వేరే మాట చెప్పింది: ఆరాధన సందర్భంగా తన సభ్యులతో చర్చి అభ్యర్థుల గురించి మాట్లాడటం ఇంట్లో కుటుంబ సభ్యులు మాట్లాడుకోవడం వంటిదేనని, అది ఎన్నికల జోక్యం కాదని వాదించింది. ఈ పోలిక నాకు నప్పినట్టు కనిపించదు. ఇంట్లో తండ్రి మాటకు కొడుకు ఎదురు చెప్పవచ్చు. ప్రసంగం మధ్యలో లేచి పాస్టర్‌ను కాదనే విశ్వాసి ఎక్కడ ఉంటాడు?

సరే, చట్టం సంగతి ఒక ఎత్తు. ఏ చట్టమూ అడ్డు రాకపోయినా చర్చి ఒక పార్టీ పక్షాన నిలబడవచ్చా అన్నది మరో ఎత్తు.

[తెరపై: దక్షిణాఫ్రికా పటం, ఆ తర్వాత 1948 ఎన్నికల నాటి ఛాయాచిత్రాలు.]

వ్యాఖ్యాత: దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షను ప్రభుత్వ విధానంగా ప్రకటించి 1948లో ప్రధానమంత్రి అయిన డి.ఎఫ్. మలాన్ అంతకు పూర్వం డచ్ రిఫార్మ్డ్ సంఘంలో పాస్టర్‌గా పనిచేసినవాడు. ఆ సంఘానికీ మలాన్ పార్టీ అయిన నేషనల్ పార్టీకీ మధ్య తేడా చెరిగిపోయి, ‘ప్రార్థనలో ఉన్న నేషనల్ పార్టీ’ అని జనం దాన్ని ఎత్తిపొడిచేవారు. నిజానికి నల్లజాతి విశ్వాసులతో కలిసి ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో, పాలుపొందడం కొందరు తెల్లవారికి కష్టంగా ఉందని, వేరు ఆరాధనలకు ఆ సంఘపు సినడ్ (పాలక సభ) 1857లోనే అనుమతి ఇచ్చింది. బల్ల దగ్గర మొదలైన ఆ విభజనను పార్టీ దేశమంతటికీ చట్టంగా మార్చినప్పుడు, ‘ఇది పాపం’ అని చెప్పగలిగే గొంతు ఆ సంఘానికి మిగలలేదు. 1990 నవంబర్‌లో రస్టెన్‌బర్గ్‌లో జరిగిన చర్చిల సమావేశంలో ఆ సంఘానికి చెందిన వేదాంత ఆచార్యుడు విల్లీ యోంకర్ తన తరఫునా తన సంఘం తరఫునా వర్ణవివక్ష నేరాన్ని ఒప్పుకున్నారు. 1948 నుంచి అప్పటికి నలభై రెండేళ్లు గడిచాయి.

ఆ ఒప్పుకోలును ముందుకు వచ్చి స్వీకరించినవారు ఆంగ్లికన్ ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టుటు. చర్చి రాజకీయాల జోలికే పోకూడదనేవారికి ఆయన జీవితమే పెద్ద చిక్కు, ఎందుకంటే వర్ణవివక్షకు వ్యతిరేకంగా ఊరేగింపుల ముందు నడిచిన ఆయన మౌనంగా ఉండి ఉంటే, ఆ మౌనం కూడా పాలకుల పక్షానికే చేరేది. అన్యాయపు చట్టాన్ని అన్యాయమని చెప్పడం పార్టీ పని కాదు, కాపరి పనే. కానీ 1990లో, వర్ణవివక్షపై పోరాడిన పార్టీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌పై నిషేధం తొలగినప్పుడు, తాను ఎంతో అభిమానించిన పోరాటానికి దారులు తెరుచుకున్న ఆ వేళలోనే, తమ సంఘంలోని గురువులు ఏ రాజకీయ పార్టీలోనూ సభ్యులుగా ఉండరాదని టుటు స్పష్టం చేశారు. అప్పట్లో ఆ మాట చాలామందికి రుచించలేదు. ఒకే పీటల వరుసలో పక్కపక్కన మోకరించేవారు వేర్వేరు పార్టీలకు ఓటు వేసేవారై ఉండవచ్చు. మరణశయ్య దగ్గరికి పిలిచిన గురువు ఎదుటి పార్టీవాడని ఇంటివారు తటపటాయించే పరిస్థితి రాకూడదు.

[తెరపై: 2011 అక్టోబర్. విలేకరుల ఎదుట టుటు.]

వ్యాఖ్యాత: టుటు ఎనభయ్యో జన్మదినానికి రావలసిన దలైలామాకు దక్షిణాఫ్రికా వీసా సకాలంలో అందకపోవడంతో ఆ ప్రయాణం రద్దయింది. అప్పుడు ఆర్చ్‌బిషప్, ఒకప్పుడు వర్ణవివక్ష ప్రభుత్వం పతనం కోసం ప్రార్థించినట్టే, అప్పటికి అధికారంలో ఉన్న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ ప్రభుత్వం ఓటమి కోసం కూడా ప్రార్థించే రోజు వస్తుందని, విలేకరుల ముందే, కోపంగా హెచ్చరించారు.