బృందంగా చేయడానికి ఏ చేతిపని మంచిది? లేసు, చేర్యాల మాస్కు, కలంకారీ రివ్యూ

నమస్కారం. మా అపార్ట్‌మెంటులో ఆదివారం మధ్యాహ్నాలు కొందరం కలిసి చేతిపనులు చేసుకుంటామని మీకు తెలుసు. ‘మేమూ అలా మొదలుపెట్టాలంటే ఏది మంచిది?’ అని చాలామంది అడిగారు. అందుకే మూడింటిని బల్లమీద పెట్టాను: శ్రీకాళహస్తి కలంకారీ, చేర్యాల మాస్కు, నరసాపురం లేసు. అందంలో దేనికీ వంక పెట్టలేం. పదిమంది ఒకచోట చేరి, కబుర్లు ఆపకుండా చేసుకోగల పనేనా అన్నదే నా కొలత.

ముందు కలంకారీ, ఎందుకంటే అందరి మోజూ దానిమీదే. ఇదిగో, బయట దొరికే కిట్. గుడ్డమీద బొమ్మ ముందే అచ్చువేసి ఉంది, పక్కన ఆక్రిలిక్ రంగుల డబ్బాలు. పిల్లల రంగుల పుస్తకాన్ని గుడ్డమీదికి ఎక్కించినట్టుంది. దీన్ని కొనకండి.

అసలు పనిలో ముందు గుడ్డకున్న గంజి వదిలేలా ఉతకాలి. తర్వాత కరక్కాయ పొడి కలిపిన పచ్చి గేదె పాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరవేయాలి. పాలలోని కొవ్వు వల్ల సిరా పాకదు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే సిరా తయారవుతుంది. అది కరక్కాయ పట్టిన గుడ్డమీద పడగానే నల్లబడుతుంది. ఆ క్షణాన్ని చూడటానికి మా వాళ్లు కబుర్లు కూడా ఆపేశారు! కలం అంటే వెదురు పుల్ల. దాని చుట్టూ గుడ్డ చుట్టి దారం కట్టాలి, వేళ్లతో నొక్కితే సిరా దిగుతుంది. ఇంతవరకు హాయిగా చేసుకోవచ్చు.

చిక్కంతా ఎరుపుతోనే. పటిక నీళ్లు పూసి, ఎర్ర రంగునిచ్చే మంజిష్ఠ వంటి మొక్కల వేర్లతో గుడ్డను ఉడికించాలి, ఆపైన పారే నీటిలో జాడించాలి. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి నది ఉంది, మన మేడమీద ఉన్నది ట్యాంకు. కాబట్టి నల్ల గీతల బొమ్మ దగ్గరే ఆగండి, అదే ఎంతో బాగుంటుంది. పాల వాసన మొదట్లో కాస్త ఇబ్బంది పెడుతుంది, ఉతికితే పోతుంది.

ఇక లేసు. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి తీరానికి వచ్చి, నరసాపురం చుట్టుపక్కల ఇళ్లలో స్థిరపడిన అల్లిక ఇది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. నా ఓటు దీనికే. కావలసింది కొక్కెం సూది (క్రోషే సూది), నూలు దారం, అంతే. గొలుసు అల్లడం చేతికి వచ్చాక కళ్లు పనిమీద, చెవులు కబుర్ల మీద పెట్టవచ్చు. ఎవరి పువ్వు వాళ్లు ఇంట్లో అల్లుకుని వస్తే, అన్నీ కలిపి బల్లగుడ్డ చేసేయవచ్చు. ఒకరి పువ్వు బిగుతుగా, ఇంకొకరిది వదులుగా వస్తే అతికే చోట ముడత పడుతుంది. అందుకే అందరికీ ఒకే రకం దారం, ఒకే సైజు సూది ఇవ్వండి. ఒక్క పువ్వు అల్లి చూడండి, ఆ తర్వాత అల్లికదారులతో ధర బేరమాడటానికి మీకే నోరు రాదు.

పిల్లలుంటే మాత్రం చేర్యాల మాస్కు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ అనే సంప్రదాయ చిత్రకారులు కొబ్బరి చిప్పమీద, రంపపు పొట్టును చింతగింజల జిగురుతో ముద్దచేసి అద్ది, ముక్కు, కనుబొమలు తీరుస్తారు. ఆరాక తెల్ల సుద్ద పూత, ఆపైన రంగులు. మీసాలు దిద్దడం దగ్గర పిల్లలు పోట్లాడుకుంటారు, అది మామూలే. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి, ముద్ద ఆరక బూజు పడుతుంది. జిగురుకు చింతగింజలు చాలానే కావాలి. ఈసారి ఇంట్లో కొత్త చింతపండు గింజ తీసేటప్పుడు పారేయకుండా డబ్బాలో వేసి ఉంచండి. వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి ఉడికిస్తే జిగురు సిద్ధం.