కెనడా ప్రావిన్సులు, టెరిటరీలు: అధికారానికి మూలం ఎక్కడ?

సభకు నమస్కారం.

కెనడాలో పది ప్రావిన్సులు, మూడు టెరిటరీలు ఉన్నాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి గాని, ఆ రెండింటి మధ్య అసలు తేడా అధికారం ఎవరి నుంచి వచ్చిందన్న దానిలో ఉంది. 1867 నాటి రాజ్యాంగ చట్టం విద్య, ఆసుపత్రులు, ఆస్తి హక్కుల వంటి విషయాలను ప్రావిన్సులకు నేరుగా అప్పగించింది; రాజధాని ఒట్టావాలోని పార్లమెంటు వాటిని తనంతట తాను వెనక్కి తీసుకోలేదు. యూకాన్, నార్త్‌వెస్ట్ టెరిటరీస్, నునావుట్‌లకు మాత్రం పార్లమెంటు చట్టం చేసి ఇచ్చినంత అధికారమే దక్కుతుంది.

తెలుగువారికి 2014 గుర్తుండే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ పునర్వ్యవస్థీకరణ బిల్లును తిరస్కరించినా, మన రాజ్యాంగంలోని 3వ అధికరణ ప్రకారం పార్లమెంటు దానిని ఆమోదించగలిగింది. ఆ నిర్ణయపు మంచిచెడ్డలు ఇక్కడ చర్చించబోను. కెనడాలోనైతే ఏ ప్రావిన్సు సరిహద్దునూ ఆ ప్రావిన్సు శాసనసభ సమ్మతి లేకుండా మార్చే వీలు లేదు. టెరిటరీ సంగతి వేరు: ఆర్కిటిక్ ప్రాంతపు ఆదివాసులైన ఇన్యూట్ ప్రజల చిరకాల కోరిక మేరకు, 1982లో ప్రజాభిప్రాయం సేకరించిన తరువాతే అయినా, నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌ను విడదీసింది 1993లో పార్లమెంటు చేసిన చట్టమే. నునావుట్ 1999 ఏప్రిల్ 1న ఏర్పడింది.

ఒంటారియో, క్యుబెక్, నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్‌లతో 1867లో మొదలైన సమాఖ్యలో పదో ప్రావిన్సుగా న్యూఫౌండ్‌లాండ్ 1949లో చేరింది.

నునావుట్ గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. దాదాపు 20 లక్షల చదరపు కిలోమీటర్ల నేలపై 2021 జనగణన నాటికి ఉన్నది సుమారు 37 వేల మంది. వారు నివసించే 25 ఊళ్లను కలిపే రోడ్లు లేవు. ప్రయాణం విమానంలో, వేసవిలో సరుకు రవాణా ఓడలలో. శాసనసభలో పార్టీలు ఉండవు. సభ్యులే తమలో నుంచి ప్రీమియర్‌నూ (మన ముఖ్యమంత్రి వంటి పదవి) మంత్రులనూ ఎన్నుకుంటారు.

రాజ్యాంగ సవరణకు సాధారణంగా ఏడు ప్రావిన్సుల సమ్మతి, ఆ ఏడింటిలో కలిపి దేశ ప్రావిన్సుల జనాభాలో సగమైనా ఉండటం అవసరం. దేశ భూభాగంలో మూడో వంతుకు పైగా ఉన్న టెరిటరీలకు ఆ లెక్కలో చోటే లేదు. జనాభా తక్కువన్నది దీనికి తగిన సమాధానమని నేను అనుకోను, ఎందుకంటే ఆ నేలపై తరతరాలుగా జీవిస్తున్న ఆదివాసీ జాతుల భవిష్యత్తు కూడా ఆ సవరణలతో ముడిపడి ఉంది.

మార్పు మాత్రం మెల్లగా వస్తోంది. భూమి, ఖనిజాలపై నిర్వహణాధికారం యూకాన్‌కు 2003లో, నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌కు 2014లో బదిలీ అయింది. నునావుట్‌కు అదే అధికారాన్ని బదిలీ చేసే ఒప్పందంపై 2024 జనవరిలో దాని రాజధాని ఇకాలుయిట్‌లో సంతకాలయ్యాయి. బదిలీకి పెట్టుకున్న గడువు 2027 ఏప్రిల్ 1.