అరికాలి పుండూ మూలకణాలూ

శ్రోతలకు నమస్కారం.

మారతహళ్లిలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం తిరుమల కొండకు నడిచి వెళ్లిందనుకుందాం. బెంగళూరులోని మనవాళ్లలో చాలామందికి అది ఏటా ఉన్న మొక్కే. అలిపిరి దారిలోని 3,550 మెట్లు చెప్పులు లేకుండా ఎక్కేసరికి తాతగారికీ మనవడికీ అరికాళ్లలో బొబ్బలు లేచి చితికాయి. మనవడి కాలు రెండు వారాల్లో మానింది. పదిహేనేళ్లుగా చక్కెర వ్యాధి ఉన్న తాతగారి కాలు మూడు నెలలైనా మానలేదు. మొదటిది వైద్యులు ఆకస్మిక గాయం అనేది, రెండవది దీర్ఘకాలిక పుండు. ఈ తేడాలో మూలకణాల పాత్ర ఎంతో, వాటిని మందుగా వాడితే ఏం జరుగుతుందో ఈ పూట చెప్పుకుందాం.

చర్మపు పైపొరలోని కణాలు నిత్యం రాలిపోతూ ఉంటే, ఆ పొర అడుగు వరుసలో ఉన్న మూలకణాలు, అంటే మనం స్టెమ్ సెల్స్ అని వింటున్నవి, విభజన చెందుతూ కొత్త కణాలను పైకి పంపుతాయి. వెంట్రుక కుదురులో మరికొన్ని మూలకణాలు దాగి ఉంటాయి. కాలిన గాయం మీద అతికించడానికి తొడ నుంచి పలుచగా చర్మం తీసినప్పుడు, ఆ తొడ చర్మం మళ్లీ పూడుకొని రావడానికి లోపల మిగిలిన ఈ కుదుళ్లే ప్రధాన ఆధారం. 2005లో అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకల మీద చేసిన పరిశోధనలో, కుదురు నుంచి గాయానికి తరలివచ్చిన కణాలలో చాలావరకు కొన్ని వారాల్లోనే కనుమరుగైనట్లు తేలింది. కోతల కాలంలో వచ్చి, పని ముగియగానే వెళ్లిపోయే కూలీల వంటివన్నమాట. అయితే అరికాలికి వెంట్రుకలు లేవు. అక్కడ గాయపు అంచులలోని కణాలూ, స్వేదగ్రంథుల నాళాలలోని కణాలూ మాత్రమే ఆ పని చేయాలి.

మనవడి గాయంలో నెత్తురు గడ్డకట్టింది, తెల్లకణాలు వచ్చి క్రిములను చంపాయి, చెత్తను మింగే మాక్రోఫేజ్ కణాలు కొద్ది రోజుల తరువాత పోరాటం మాని మరమ్మతుకు పూనుకున్నాయి. తాతగారి పుండు ఆ పోరాటం దగ్గరే ఆగిపోయింది. వాపు తగ్గక, ప్రోటీన్లను కొరికే ఎంజైములు పేరుకుపోయి, కణాలను పెరగమని చెప్పే సంకేతాలను అవే నాశనం చేస్తాయి. నరాలు మొద్దుబారినందువల్ల నొప్పి తెలియక ఆయన అదే కాలి మీద నడుస్తూ ఉంటారు. రక్తనాళాలు ఇరుకైనందువల్ల ప్రాణవాయువు చాలదు. ఎముక మూలుగ నుంచి సాయంగా రావలసిన కణాలు కూడా మధుమేహంలో తక్కువగానే వస్తాయి.

ఎముక మూలుగ, కొవ్వు, బొడ్డుతాడు నుంచి తీసే మీసెంకైమల్ కణాలను ఇటువంటి పుండ్ల చికిత్సకు పరిశీలిస్తున్నారు. అవి చర్మంగా మారి గుంతను పూడుస్తాయని మొదట్లో ఆశించారు. నిజానికి లోపలికి ఎక్కించిన కణాలలో అత్యధిక భాగం ఎక్కువ కాలం బతకవు. బతికినంతసేపు అవి విడుదల చేసే రసాయనాలు మాక్రోఫేజ్‌లను మరమ్మతు వైపు మళ్లిస్తాయి, కొత్త రక్తనాళాలను పిలుస్తాయి. అంటే ఇవి ఇటుకలు కావు, మేస్త్రీలు. 1991లో వీటికి మూలకణాలన్న పేరును ప్రచారంలోకి తెచ్చిన అమెరికా శాస్త్రజ్ఞుడు ఆర్నాల్డ్ కాప్లాన్, 2017లో ఆ పేరు మార్చాలని తానే రాశారు. తాను పెట్టిన పేరును తానే వద్దనడానికి చాలా నిజాయితీ కావాలి.

ఇటుకల పని చేసే మూలకణాలు వేరు. పుట్టుకతోనే చర్మం ఊడిపోయే జబ్బుతో ఉన్న ఏడేళ్ల బాలుడికి, అతని సొంత చర్మకణాలలోని జన్యులోపాన్ని ఇటలీలో సరిదిద్ది, పెంచి, జర్మనీలో శరీరంపై దాదాపు 80 శాతం మేర కొత్త చర్మాన్ని అమర్చారు. ఆ వివరాలు 2017లో వెలువడ్డాయి. ఆ చర్మాన్ని నిలబెట్టినవి అందులోని కొద్దిపాటి మూలకణాలే.

మన బెంగళూరులోనే స్టెంప్యూటిక్స్ సంస్థ ఎముక మూలుగ కణాలతో తయారుచేసిన మందుకు 2016లో పరిమిత అనుమతి లభించింది. పొగాకు అలవాటుతో ముడిపడిన బర్గర్స్ వ్యాధిలో కాలి రక్తనాళాలు మూసుకుపోయి పుండ్లు పడిన వారి కోసం, పిక్క కండరంలోకి ఇచ్చే మందు అది. దానిని చూపించి ప్రతి చక్కెర పుండుకూ మూలకణాల చికిత్స సిద్ధంగా ఉందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్తవ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప తక్కినవి అనుమతి పొందిన పరిశోధనగానే జరగాలి, అందులో చేరిన రోగి నుంచి ఆ చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. ఇటువంటి పరిశోధనలను నమోదు చేసే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని నమోదు సంఖ్య ఎంతో అడగడం మీ హక్కు.

మేస్త్రీ ఎంత నేర్పరైనా నీళ్లూ ఇసుకా లేనిచోట గోడ లేవదు. అందుకే తాతగారికి వైద్యులు మొదట రక్తప్రసరణ పరీక్షించి, చచ్చిన కండను తొలగించి, చక్కెరను అదుపులోకి తెచ్చి, అరికాలిపై బరువు పడకుండా పట్టీ వేస్తారు. వచ్చే ఏడాది మనవడు మెట్లెక్కుతాడు, తాతగారు బస్సులో వెళ్లి పైన అతని కోసం ఎదురుచూస్తారు.