పందొమ్మిదో ఎపిసోడ్: వెబ్‌సైటు గురించి మాట్లాడదామనుకున్నాం

అక్క: ఎర్ర లైటు వెలిగిందా? నమస్కారమండీ, గొల్లపూడి షెడ్డు నుంచి అక్కాతమ్ముళ్లం. ఫర్నిచర్ వెబ్‌సైటు ఎలా కట్టుకున్నామో ఇవాళ చెబుతామని పోయినసారి మాటిచ్చాం.

తమ్ముడు: చెబుతాం. ముందు ట్యూబ్‌లైటు సంగతి.

అక్క: మళ్లీనా! పిల్లి బల్ల ఎపిసోడ్ మొత్తం అదేగా.

తమ్ముడు: మనవాళ్లు మానలేదక్కా. మొన్న ఒకాయన మంచం ఫొటో పంపారు. కిటికీలోంచి ఎండ, పైన ట్యూబ్‌లైటు, మూల పసుప్పచ్చ బల్బు. మంచం ఒకటే, రంగులు మూడు. లైట్లన్నీ ఆర్పేసి, కిటికీకి పల్చటి తెల్ల పంచె కట్టి, రెండోవైపు థర్మోకోల్ షీటు నిలబెడితే చాలు. నీడలు మెత్తబడతాయి, పాలిష్ మీద మెరుపు కొట్టదు.

అక్క: ఆ పంచె కోసం నాన్న ఇల్లంతా వెతికారు పాపం. సరే, వెబ్‌సైటు. మనది కొలతలిస్తే చేసే పని కాబట్టి కార్టు పెట్టలేదు. ప్రతి ఫొటో కిందా వాట్సాప్ బటన్, పక్కన ఏ చెక్కో, ఎన్ని అడుగులో. ఇక గుంటూరు టేబుల్...

తమ్ముడు: అది నా తప్పు కాదు.

అక్క: మరెవరిది? బ్రాడీపేట ఆవిడ ఫొటోలో తేనె రంగు చూసి ఆర్డరిచ్చారు. తీరా దింపాక "ఇదేంటండీ, ఎండుగడ్డిలా ఉంది" అన్నారు. నువ్వు ఎడిటింగ్‌లో ఎరుపు పెంచావు.

తమ్ముడు: ఒట్టు, పెంచలేదు. తెల్ల కాగితం పెట్టి వైట్ బ్యాలెన్స్ సరిచేసుకునే తీశా. ఆవిడ చూసింది రాత్రి పదకొండింటికి, ఫోన్‌లో కళ్లకి హాయి అంటారే, ఆ పసుపు మోడ్ వేసుకుని. ఆవిడే చెప్పారు.

అక్క: అది సగమే. నువ్వు ఫొటో తీసింది రెండేళ్లుగా మనం అన్నాలు తింటున్న టేబుల్. ఆవిడకి వెళ్లింది అంతకు ముందురోజు పాలిష్ ఆరింది.

తమ్ముడు: రెండూ టేకే కదా!

అక్క: టేకే. కోసిన కొత్తలో చేవ చెక్కలో కూడా పచ్చటి చారలు కనబడతాయి. వెలుతురు తగిలేకొద్దీ అవి కలిసిపోయి బంగారు రంగుకి తిరుగుతుంది. చిన్నప్పట్నుంచి షెడ్డులో పెరిగి నాకు చెప్పించుకుంటున్నావు.

తమ్ముడు: అయితే ఏ రంగు పెట్టమంటావు? కొత్త టేబుల్ ఫొటో పెడితే ఒక్కరూ ఫోన్ చెయ్యరు.

అక్క: రెండూ పెట్టు. డెలివరీ రోజుది, ఏడాది తర్వాతది.

తమ్ముడు: ఏడాది తర్వాత వాళ్లింటికెళ్లి తియ్యాలా? వాళ్ల హాల్లో ట్యూబ్‌లై...

అక్క: అబ్బా!

తమ్ముడు: పోనీ పాలిష్ చేసిన ముక్క కొరియర్ చేద్దాం. నాలుగంగుళాలది చాలు.

అక్క: ఆ ముక్క కిటికీలో పెట్టుకుంటే అదీ రంగు మారుతుంది.

తమ్ముడు: బీరువాలో దాచుకోండని చీటీ రాస్తా. [నవ్వు] పెళ్లి పట్టుచీరలాగా.

అక్క: నవ్వకు. డబ్బు వెనక్కి ఇమ్మంటే నువ్విస్తావా? సరే, అమ్మమ్మ పందిరిమంచం ఫొటో సంగతి తేల్చు.

తమ్ముడు: కోడు మీద నీటి గీత చెరిపేసి పెడతా.

అక్క: చెరపొద్దు.

తమ్ముడు: కొనేవాళ్లు మరకనుకుంటారక్కా.

అక్క: అనుకోనీ. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు ఆ మంచం నీళ్లలోనే ఉంది. పక్కనున్న పార్టికల్ బోర్డు బీరువా ఉబ్బి, పొరలు ఊడి, తవుడైపోయింది. మంచానికి ఆ గీత తప్ప ఏం కాలేదు. ఎవరొచ్చినా అమ్మమ్మ దాని మీద వేలు పెట్టి "ఇందాకా వచ్చాయి" అని చూపించేది.

తమ్ముడు: ...ఉంచుదాంలే. కానీ ఫొటో మళ్లీ తియ్యాలి. వైడ్ లెన్స్‌తో మరీ దగ్గర్నుంచి తీశావు. మంచం కోళ్లు బాతు కాళ్లలా వచ్చాయి. వెనక్కి జరిగి టూ ఎక్స్ జూమ్‌లో తియ్యాల్సింది.

అక్క: ఆ గదిలో వెనక్కి ఎక్కడికి జరుగుతాను? గోడకి ఆనుకునే తీశా. పైగా అమ్మమ్మ పడుకుని ఉంది.

తమ్ముడు: ఆవిడ ఆఖరి ఫొటో అదే కదూ.

అక్క: ఊ.

తమ్ముడు: అయితే వద్దులే. అదే ఉంచు.

అక్క: తొమ్మిది ఎంబీ ఉంది.

తమ్ముడు: వెబ్‌పీ అని తక్కువ సైజు ఫొటో ఫార్మాట్ ఉందిగా, అందులోకి మార్చి రెండొందల కేబీ లోపు తెస్తా. పోయిన వారం మన హోమ్ పేజీ బెంజి సర్కిల్‌లో సాయంత్రం ట్రాఫిక్‌లా కదిలింది. హోమ్ పేజీ గురించి అసలేం చెప్పలేదు కదా మనం?

అక్క: ఆగు, ఫోన్. బ్రాడీపేట ఆవిడే.

తమ్ముడు: ఎత్తకు. కాదు, ఎత్తు. స్పీకర్‌లో పెట్టకు.

అక్క: హలో, ఆ, చెప్పండమ్మా... లేదు లేదు, ఖాళీగానే... కిటికీ పక్కకి జరిపారా? ఒరేయ్, అది ఆపు.