నెట్‌వర్కింగ్ నేర్చుకోడానికి వర్చువల్‌బాక్స్ సరిపోతుందా?

నమస్కారమండీ. నెట్‌వర్కింగ్ పాఠాలు చేతులతో చేసి చూడాలంటే రౌటర్లు, స్విచ్‌లు కొనక్కర్లేదు. ఒక కంప్యూటర్ లోపలే ఇంకొన్ని కంప్యూటర్లను (వర్చువల్ మెషీన్లు) నడిపే వర్చువల్‌బాక్స్ ఉచితమే, నేర్చుకునేవాళ్లకి నేను మొదట చెప్పేది కూడా ఇదే. కాకపోతే దాని నెట్‌వర్క్ సెట్టింగ్స్ తెలిసి వాడాలి.

ఇన్‌స్టాల్ సంగతి పెద్దగా ఏం లేదు. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగ్స్) వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ప్రతి మెషీన్‌లో డెస్క్‌టాప్ లేని ఉబుంటు సర్వర్ (ఒక రకం లినక్స్) వేసుకోండి, మెషీన్‌కి 2 జీబీ ర్యామ్ చాలు. యాపిల్ ఎం సిరీస్ మ్యాక్ ఉన్నవాళ్లు మాత్రం ఏఆర్ఎం ఉబుంటునే (ఆ మ్యాక్ ప్రాసెసర్ రకానికి చేసినది) తీసుకోవాలి, ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ రకం) ఇమేజ్ అందులో నడవదు.

ఇప్పుడు అసలు విషయం. కొత్త మెషీన్‌కి నాట్ మోడ్ (మీ కంప్యూటర్ ద్వారా ఇంటర్నెట్‌కి కలిపే పద్ధతి) దానంతటదే వస్తుంది. ఇంటర్నెట్ వెంటనే పనిచేస్తుంది. కానీ రెండు మెషీన్లు పెట్టి ఐపీ (నెట్‌వర్క్‌లో మెషీన్ చిరునామా) చూడండి, రెండింటికీ 10.0.2.15! ఒకదాన్నుంచి ఇంకోదానికి పింగ్ (అవతలి మెషీన్ జవాబిస్తుందో చూసే చిన్న పరీక్ష) వెళ్లదు. చాలామంది ఇక్కడే విసిగిపోయి వదిలేస్తారు. మీరేం తప్పు చేయలేదండీ. ఈ మోడ్‌లో ప్రతి మెషీన్ వెనకా దానికంటూ వేరే రౌటర్ ఉంటుంది. పక్క మెషీన్ ఉన్న సంగతే దీనికి తెలీదు.

మెషీన్‌ని నేరుగా మీ ఇంటి నెట్‌వర్క్‌లోకే కలిపే బ్రిడ్జ్‌డ్ మోడ్ కేబుల్ మీద బాగుంటుంది, వైఫై మీద ఇబ్బంది పెట్టొచ్చు.

నాకు బాగా నచ్చింది ఇంటర్నల్ నెట్‌వర్క్, అంటే మెషీన్లు తమలో తాము మాత్రమే మాట్లాడుకునే మోడ్. బయటి ప్రపంచంతో సంబంధం ఉండదు, డీహెచ్‌సీపీ (ఐపీలు తనంతట తానే పంచేది) కూడా మామూలుగా ఉండదు. ఐపీలు మీరే చేత్తో ఇవ్వాలి. నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి? మూడు మెషీన్లు పెట్టండి. మధ్యదానికి రెండు అడాప్టర్లు (నెట్‌వర్క్ కార్డులు) ఇచ్చి, చెరో పక్క వేరే పేరుతో నెట్‌వర్క్ పెట్టండి. మధ్యదాంట్లో ఐపీ ఫార్వర్డింగ్ (ఒక పక్క నుంచి వచ్చిన ప్యాకెట్‌ని రెండో పక్కకి పంపడం) ఆన్ చేసి, మొదటిదాంట్లో రూట్ (అవతలి నెట్‌వర్క్‌కి ఎటు వెళ్లాలో చెప్పే దారి) రాసి మూడోదానికి పింగ్ కొట్టండి. జవాబు రాదు. మూడోదాంట్లో టీసీపీడంప్ (వచ్చే పోయే ప్యాకెట్లను చూపించే కమాండ్) పెట్టి చూస్తే ప్యాకెట్ వచ్చినట్టే కనిపిస్తుంది! తిరిగి వెళ్లే దారి దానికి తెలీదు, అంతే. అక్కడ కూడా రూట్ రాయగానే జవాబులు వరసగా వస్తాయి. రౌటింగ్ అంటే ఏంటో ఆ క్షణంలో అర్థమైనంత బాగా ఏ పుస్తకంలోనూ అర్థం కాదు.

ఒక్క లోపం చెప్పాలి. పక్క మెషీన్ల ట్రాఫిక్ వైర్‌షార్క్‌లో (ప్యాకెట్లను విప్పి చూపించే ప్రోగ్రామ్) చూద్దామంటే కనిపించదు. ప్రామిస్క్యుయస్ మోడ్ (తనది కాని ట్రాఫిక్‌ని కూడా చూడనిచ్చే సెట్టింగ్) 'డినై'లో ఉంటుంది, అడాప్టర్ సెట్టింగ్స్‌లో 'అలో ఆల్' పెట్టుకోవాలి. ఇది ముందే తెలిస్తే బోలెడు టైం మిగులుతుంది.

రూట్లు మార్చే ముందు ఒక స్నాప్‌షాట్ (మళ్లీ వెనక్కి వెళ్లగలిగేలా మెషీన్ స్థితిని దాచుకోవడం) తీసుకోండి. ఆ తర్వాత ధైర్యంగా ఏదైనా చెడగొట్టి చూడండి.