రాతి అక్షరం కాగితం మీదికి: చరిత్ర శాఖలో శాసనాల పని

వ్యాఖ్యాత: నమస్కారం. చరిత్ర శాఖ ఏం సాధించిందంటే సెమినార్లు, పీహెచ్‌డీల లెక్క చెబుతారు. మీరేం చూస్తారు సార్?

ఆచార్యులు: ఈ ఏడాది పిల్లలు ఎన్ని శాసనాలకు అచ్చు తీశారు, వాటిలో ఎన్ని చదవడానికి పనికొచ్చాయి? అదే అడుగుతాను. సెమినార్ ఫొటోలు వార్షిక నివేదికలో బాగానే ఉంటాయి లెండి.

వ్యాఖ్యాత: అచ్చు అంటే ఎస్టాంపేజీ, రాతి మీది అక్షరాలను కాగితం మీదికి ఎత్తుకోవడం. ఎలా తీస్తారు మేడమ్?

అధ్యాపకురాలు: ముందు రాయి కడగాలి. మెత్తటి బ్రష్షు, నీళ్లు, అంతే. ఇనుప బ్రష్షు, యాసిడ్ వాడితే నాచుతో పాటు అక్షరం అంచూ పోతుంది. తడిపిన కాగితం పరిచి, మధ్యనుంచి అంచులకు గాలి లేకుండా నొక్కుతాం. తర్వాత గట్టి కుచ్చు బ్రష్షుతో నిటారుగా కొట్టాలి, పక్కకు లాగితే చిరుగుతుంది. చిరిగినా కంగారక్కర్లేదు, తడి కాగితం ముక్క వేసి మళ్లీ కొట్టొచ్చు. కాగితం గాడిలో దిగాక కాస్త ఆరనిచ్చి, గుడ్డ చుట్టిన దూది ఉండతో సిరా అద్దుతాం. అక్షరాలు తెల్లగా, చుట్టూ నల్లగా వస్తుంది.

వ్యాఖ్యాత: పొరపాట్లు ఎక్కడ?

అధ్యాపకురాలు: సిరా అద్దే అదను దగ్గరే. తడి ఎక్కువుంటే సిరా పాకి అక్షరం పూడిపోతుంది, రాతికీ మరక. మరీ ఆరితే కాగితం లేచిపోతుంది. మన ఎండలకు పొద్దున్నే తీయాలి, లేదా పైన గుడ్డ కట్టాలి. అచ్చు వెనక ఊరు, తేదీ, రాతి ఏ ముఖమో రాయాలి. నాలుగు ముఖాల స్తంభానికి ఇది మరిస్తే వరుసే తెలియదు.

వ్యాఖ్యాత: ఫోన్ ఫొటో చాలదా?

ఆచార్యులు: పొద్దుటి ఏటవాలు వెలుగులో తీస్తే సాయపడుతుంది. అక్షరాల్లో సుద్ద మాత్రం నింపకండి. రాతి పగులునూ గీతే అనుకుని నింపేస్తారు. అప్పుడు మనం చదివేది శాసనాన్ని కాదు, నింపినవాడి ఊహని.

వ్యాఖ్యాత: శాసనం తేదీని ఇంగ్లీషు సంవత్సరంలోకి మార్చాలంటే, అందులోని శక సంవత్సరం అంకెకు 78 కలిపితే సరిపోతుందిగా?

ఆచార్యులు: హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గరి కాకతీయ రాజు రుద్రదేవుడి శాసనమే చూడండి. శకం 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారం. 78 కలిపితే 1162. కానీ చైత్రంలో మొదలైన ఏడాదికి మాఘం వచ్చేసరికి జనవరి వచ్చేసింది. కాబట్టి 1163 జనవరి 19. వడ్డవారమంటే శనివారం, ఆ రోజూ శనివారమే. ఇలా అన్నీ కుదిరాకే తేదీ రాయాలి.

అధ్యాపకురాలు: శకం అంకె చెదిరి, చిత్రభాను ఒక్కటే మిగిలిందనుకోండి. ఆ పేరు 60 ఏళ్లకోసారి వస్తుంది. 1222-23 కూడా చిత్రభానే, అప్పుడు రాజు గణపతిదేవుడు. లిపి, రాజు పేరు చూడకుండా తేల్చలేం.

వ్యాఖ్యాత: అనుమతులు?

ఆచార్యులు: కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడమైతే ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. ఊరి గుడైతే పూజారినీ పెద్దలనూ అడగాలి. సున్నం కింద అక్షరాలు కనబడినా మేం గీకం, పురావస్తు శాఖ కెమిస్టులకు రాస్తాం.